వేడి మందు కన్నా ముందు

"సిస్టర్, ఆ వేడి మందు పోస్తే మా అమ్మకి నయమైపోతుందా?" థియేటర్ తలుపు దగ్గర ఓ అబ్బాయి అడిగాడు. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

పెద్దపేగులోనో, అపెండిక్స్‌లోనో పుట్టిన క్యాన్సర్ కొందరిలో గోడ దాటుకుని పొట్ట లోపలి పొర మీద విత్తనాలు చల్లినట్టు పడుతుంది. ఆ పొరే పెరిటోనియం. విప్పి పరిస్తే ఇంచుమించు ఒంటి చర్మమంత! నరానికి ఎక్కించే కీమో దాని దాకా సరిగా చేరదు. అందుకని మందును నేరుగా పొట్టలోకే పంపుతారు. రక్తంలోకి తక్కువగా పోతుంది కాబట్టి గాఢంగా ఇవ్వొచ్చు. దీన్నే హైపెక్ అంటారు.

అయితే ఆ మందు గడ్డలోకి ఇంకేది కొద్ది మిల్లీమీటర్లే. అందుకే ముందు పెద్ద ఆపరేషన్. పేగుల మీద, కాలేయం కింద సగ్గుబియ్యం గింజల్లా అంటుకుని ఉంటాయి గడ్డలు. డాక్టర్లు ఒక్కోదాన్నీ గీరి, కాల్చి, అవసరమైతే పొరనే ఒలిచేస్తారు. ఉదయం మొదలుపెడితే ఒక్కోసారి చీకటి పడుతుంది.

అప్పుడు పంపు మొదలు. 41 నుంచి 43 డిగ్రీల వేడిలో మందునీళ్లు గంట, గంటన్నర తిరుగుతాయి. అన్ని మూలలకూ చేరాలని పొట్టకి రెండు పక్కలా చేతులేసి మెల్లగా ఊపుతాం. గ్లవ్స్ లోంచి కూడా ఆ వెచ్చదనం తెలుస్తుంది.

ఫ్రాన్స్‌లో పెద్దపేగు క్యాన్సర్ పాకిన 265 మందిపై చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. సగం మందికి ఆపరేషన్ ఒక్కటే, మిగతావాళ్లకి ఆక్సాలిప్లాటిన్‌తో అరగంట హైపెక్ కూడా. ఒక్కో గుంపులో సగం మంది కనీసం బతికిన కాలం మొదటివాళ్లలో 41.2 నెలలు, రెండోవాళ్లలో 41.7. అది విన్నరోజు నాకు మనసు చివుక్కుమంది. తర్వాత అర్థమైంది: రెండు గుంపులవాళ్లనీ నిలబెట్టింది గింజ గింజా ఏరిన ఆ చేతులే. వేరే మందుతో, ఎక్కువసేపు ఇస్తే ఎలా ఉంటుందన్న చర్చ ఇంకా తెగలేదు. అపెండిక్స్ నుంచి జిగురులా పొట్టంతా నిండే జబ్బుకి మాత్రం ఆపరేషన్‌తో పాటు హైపెక్ ఇస్తూనే ఉన్నారు.

జబ్బు మరీ పాకితే ఈ ఆపరేషన్ చేయరు. పొట్టను 13 భాగాలుగా చూసి 39కి మార్కులు వేస్తారు. ఇవి ఎక్కువొస్తేనే దిగులు.

ఆ అబ్బాయితో అన్నాను: "బాబూ, మందు సంగతి తర్వాత. డాక్టరుగారు బయటికి రాగానే, కంటికి కనిపించిందంతా తీయగలిగారా అని అడుగు."

రాత్రి తొమ్మిదికి డాక్టరుగారు మాస్కు దించుకుంటూ వచ్చారు. ఆ అబ్బాయి ముందుగా అదే అడిగాడు.