ఉండాల్సిన లూజు, ఉండకూడని లూజు

పాత జీపు కొనేవాడు ఇంజన్ శబ్దం వింటాడు, టైర్లు చూస్తాడు, టాపు చిరుగులు లెక్కపెడతాడు. క్లచ్, బ్రేక్ పెడళ్లను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపి చూసేవాడు అరుదు. ఊపితే అవి రెండూ చెరో దిక్కుకు వాలతాయి. అమ్మేవాడు మాత్రం కంగారు పడడు. ‘జీపంటే అంతే సార్’ అంటాడు. ఆ మాట నిజం కాదు.

ఇక్కడ మాట్లాడేది విల్లీస్ వంశం జీపుల గురించి. మహీంద్రా వారు 1940ల చివర్లో విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఎత్తయిన బానెట్టు ఉన్న సీజే-3బీ అమెరికాలో 1953 నుంచి 1968 దాకా తయారైంది. అక్కడ ఆపేశాక కూడా ఇక్కడ చాలాకాలం తయారవుతూనే ఉంది. ఒకప్పుడు తెలుగు పల్లెలకు ప్రభుత్వం తరచూ ఆ బండిలోనే వచ్చేది కాబట్టి, ఈ పెడళ్లను తొక్కినవాళ్లలో సర్కారు డ్రైవర్లూ చాలామందే. సర్కారు బండికి గ్రీజు ఎంత శ్రద్ధగా పెట్టి ఉంటారో పాఠకుల ఊహకే వదిలేస్తున్నాను.

ఇప్పటి కార్లలో పెడళ్లు డాష్‌బోర్డు కింద వేలాడతాయి. వాటికి వానా బురదా తెలియవు. ఈ జీపుల్లో పెడల్ కాడ ఫ్లోరులోని రంధ్రం గుండా కిందికి దిగుతుంది. అక్కడ ఛాసీకి అడ్డంగా ఉన్న ఒక షాఫ్ట్ మీద రెండు పెడళ్లూ కుదురుకుని ఉంటాయి. బ్రేక్ మాస్టర్ సిలిండర్ కూడా ఆ చోటే. అంటే వాగు దాటినా, దుక్కిలో దిగినా మొదట తడిసేది ఈ కీలే. గ్రీజులోకి ఇసుక చేరితే అది గ్రీజుగా ఉండదు, ఆకురాయి పని మొదలుపెడుతుంది.

పెడల్‌లో లూజు రెండు రకాలు. పక్కలకు ఊగేది అరుగుదల, అది ఉండకూడదు. ముందుకు నొక్కినప్పుడు మొదట కాస్త తేలిగ్గా దిగే దూరాన్ని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. అది ఉండి తీరాలి. బ్రేక్‌కు సుమారు అర అంగుళం, క్లచ్‌కు సుమారు అంగుళం. ఈ రెంటికీ తేడా చూడకుండా, కాలికి లూజుగా తగిలిందని పెడల్ రాడ్డు నట్టు బిగించేయడం మన షెడ్లలో పరమ సులువైన వైద్యం. ఊగడం అలాగే ఉంటుంది, అవసరమైన ప్లే పోతుంది.

పోతే ఏమవుతుంది? పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. వస్తేనే లోపలి సన్నని రంధ్రం తెరుచుకుని, వేడికి ఉబ్బిన బ్రేక్ ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్తుంది. ప్లే లేకపోతే ఆ రంధ్రం మూతపడే ఉంటుంది. బండి పోయేకొద్దీ ఆయిల్ వేడెక్కి, లైనింగులు డ్రమ్ములను పట్టుకుని, ఎవరూ తొక్కకుండానే బ్రేకులు పడతాయి. క్లచ్‌లో ప్లే లేకుంటే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూ అరుగుతుంది, ప్లేటు జారి కాలుతుంది. నట్టు బిగించినవాడికి రెండోసారి బేరం దొరుకుతుంది.

ఇక అసలు పని, పక్కలకు ఊగే లూజును పోగొట్టడం. కిందికి దూరేముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. హ్యాండ్‌బ్రేకును నమ్మొద్దు. ఈ జీపుల్లో అది చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకున్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచిందంటే, డిఫరెన్షియల్ పుణ్యమా అని గాల్లో ఉన్నది ఒకవైపు, నేల మీద ఉన్నది ఇంకోవైపు తిరగగలవు. బండి కదులుతుంది.

రిటర్న్ స్ప్రింగులు, స్ప్లిట్ పిన్నులు, రాడ్లు ఊడదీసే ముందు ఏది ఎలా ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాఫ్ట్ తుప్పుతో బిగిసి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేయాలి. సుత్తితో నేరుగా కొడితే షాఫ్ట్ కొన పుట్టగొడుగులా విచ్చుకుని, వచ్చే దారి కూడా మూసేస్తుంది. మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టాలి.

బయటికి వచ్చిన షాఫ్ట్ మీద గోరు నడిపితే మెట్టు తగులుతుంది. అరుగుదల చుట్టూ సమానంగా ఉండదు, కాలి బలం పడే వైపే ఎక్కువ. పెడల్ బోరు కూడా గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందుకే షాఫ్ట్‌కూ బోరుకూ మధ్య ఉండే బుష్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ: కొత్త బుష్ పాత మెట్టు మీద కూర్చుని నెలల్లో తనూ అరుగుతుంది. కొత్త షాఫ్ట్ దొరికితే వేయండి. లేకుంటే పాతదాన్ని లేత్ మీద గుండ్రంగా తీయించి, తగ్గిన కొలతకు సరిపడా గన్‌మెటల్ బుష్ చేయించండి. పెడల్ బోరును కూడా సరిచేయించాకే బుష్ ప్రెస్ చేయాలి. చేత్తో తిప్పితే నున్నగా తిరగాలి, పక్కలకు ఊపితే కదలకూడదు.

లేత్ షాపులో నిలబడి చూడాల్సింది ఒకటుంది: బుష్‌లో గ్రీజు రంధ్రం. అది గ్రీజు గన్ను తగిలించే నిప్పుల్‌కు ఎదురుగా రావాలి. రాకపోతే ఏళ్ల తరబడి గ్రీజు గన్ను కొడుతూనే ఉంటారు, లోపలికి చుక్క కూడా పోదు.

పెడల్ చేయి మీద పగులు కనిపిస్తే, ముఖ్యంగా బ్రేక్‌ది, వెల్డింగ్ జోలికి పోకుండా మార్చేయండి. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ బ్రేక్ లైను ఒకటే. ఆ చేయి విరిగితే రెండో దిక్కు లేదు.

క్లచ్ వైపు ఇంకో గొలుసు ఉంది. పెడల్ నుంచి రాడ్డు, అక్కడి నుంచి ఛాసీకీ ఇంజన్ వైపుకూ మధ్య అడ్డంగా ఉండే ట్యూబు, ఆ ట్యూబు లివర్ నుంచి క్లచ్ ఫోర్కు దాకా కేబులో రాడ్డో. ప్రతి పిన్నూ, ప్రతి రంధ్రమూ కాస్త కాస్త అరుగుతాయి. పెడల్ లివర్ నిష్పత్తి ఐదు రెట్లనుకుంటే కింద ఒక మిల్లీమీటరు అరుగుదల పాదం దగ్గర ఐదు మిల్లీమీటర్లు. ట్యూబు కొనల్లోని గుండ్లు అరిగితే క్లచ్ వదిలేటప్పుడు బండి గుర్రంలా ఎగురుతుంది, నేరం మాత్రం క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

అన్నీ బిగించాక, అప్పుడు మాత్రమే, ప్లే సెట్ చేయాలి. బ్రేక్ పెడల్ మీద పాదం నిలిపి ఉంచితే అది మెల్లగా దిగుతోందా? అది షాఫ్ట్ జబ్బు కాదు, మాస్టర్ సిలిండర్ వాషరో, ఎక్కడో లీకో. అది బాగయ్యేదాకా బండి కదలకూడదు. దిగకుండా గట్టిగా నిలబడితే రద్దీ లేని దారిలో కొంత దూరం నడిపి, ఆపి, డ్రమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి. ముట్టుకోవద్దు. ఒకటే సెగలు కక్కుతుంటే తప్పు ఆ చక్రంలో ఉంది. నాలుగూ కక్కుతుంటే మళ్లీ కింద దూరి, బ్రేక్ రాడ్డు నట్టును కొద్దిగా వదలాలి.