మన గల్లీ కథ మన గోడ మీద: ఇది ఎట్లా చేస్తారు?

పాలమూరులో రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా కొన్ని పాత ఇళ్లు పోతాయి. ఇంటితో పాటు ఆ గల్లీ కథ కూడా పోతుంది. మా గల్లీకి ఆ పేరెందుకు వచ్చిందో మా నానీకి పూర్తిగా తెలుసు, నాకు సగం తెలుసు, మా తమ్ముడికి అసలు తెలియదు. ఆ కథను గోడ మీద బొమ్మగా వేసుకుంటే? చాలా ఊళ్లలో వేసుకుంటున్నారు.

దగ్గర ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. రాజ్‌భవన్ పక్కన ఎం.ఎస్. మక్తా బస్తీ. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు అక్కడి ఇళ్ల గోడలకు రంగులేసే పని మొదలుపెట్టారు. ఢిల్లీ లోధీ కాలనీలో వేసింది కూడా వీళ్లే. మక్తాలో మన హైదరాబాదీ చిత్రకారులు స్వాతి, విజయ్ దంపతులు తెలంగాణ ఆడవాళ్ల ముఖాలు గీశారు. జనం ఆ గల్లీల్లోకి ఫోన్లు పట్టుకుని ఫొటోల కోసం రావడం మొదలైంది.

ఇక్కడ మన ఇళ్లల్లో ఓ ప్రశ్న వస్తుంది: తస్వీర్ సంగతేంటి? ముఖాలు వద్దనే పెద్దలు ఉంటారు, వాళ్ల మాటను పక్కకు నెట్టి ఈ పని చేస్తే గల్లీలో గొడవ తప్ప ఇంకేం మిగలదు. దారి మాత్రం ఉంది. ఎల్ సీడ్ అనే కళాకారుడు 2012లో ట్యునీషియాలోని గాబెస్‌లో ఓ మసీదు మినార్ మీద సూరా హుజురాత్ ఆయత్‌ను ఖత్తాతీలో రాశాడు. 2016లో కైరోలో చెత్త ఏరుకునే క్రైస్తవుల బస్తీలో దాదాపు 50 ఇళ్ల మీద ఒకే వాక్యాన్ని పరిచాడు. ఒక్కో ఇంటి మీద ఒక ముక్కే కనపడుతుంది. కొండ మీద నిలబడితేనే మొత్తం చదవగలం. ఒక్క ముఖం కూడా లేదు.

పని సంగతికొస్తే, ముందు గోడ ఎవరిదో చూడాలి. ఇంటివాళ్ల నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మసీదు, దర్గా గోడైతే ముతవల్లీనీ కమిటీనీ అడగాలి, రోడ్డు గోడైతే మున్సిపాలిటీని. గోడలో చెమ్మ ఉంటే ఎంత ఖరీదైన రంగైనా పెచ్చులూడుతుంది, కాబట్టి ముందు మరమ్మతు, ఆపైన ప్రైమర్, ఆ తర్వాతే బొమ్మ. మన ఎండలకు పడమటి గోడ తొందరగా వెలుస్తుంది. కామర్స్ చదివినవాణ్ణి, లెక్క చెప్పకుండా ఉండలేను: రంగు, పరంజా, కూలీ వేర్వేరుగా రాసుకోండి, మళ్లీ పూయడానికి కొంత పక్కన పెట్టుకోండి. ఈ చివరిదే అందరూ మరిచిపోతారు.

ఏం వేయాలి? 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టేదాకా మహబూబ్‌నగర్‌ది పాలమూరు పేరే. ఆ ఒక్క ముచ్చటే ఓ గోడకు సరిపోతుంది. ఊళ్లు దాటి వెళ్లి డ్యాములు కట్టిన పాలమూరు కూలీల పారలు, తట్టలు ఇంకో గోడకు. నల్గొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది. పాత నల్గొండ జిల్లాలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తన భూమి కోసం ప్రాణమిచ్చిన షేక్ బందగీ కథ ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఒక మాట నా తరఫున. గల్లీ పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ పక్కపక్కనే రాయండి. మన పిల్లల్లో సగం మంది ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. రంగు డబ్బా కొనేముందు నానీ దగ్గర, దాదా దగ్గర కూర్చొని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. గోడను తర్వాతైనా వెతుక్కోవచ్చు.