పట్టికకెక్కని పసిబిడ్డలు

టీకాల దినమున ఆరోగ్య కార్యకర్త తన పట్టికలోని బిడ్డలందరికిని టీకాలు వేసి వెళ్లినచో పని పూర్తియైనదని పంచాయతీ సభ్యులు భావించుట సహజము. కాని మేము అడుగునది ఒక్కటే: ఊరిలోని బిడ్డలందరును ఆ పట్టికలో ఉన్నారా?

మన ప్రాంతమున తొలి కాన్పు పుట్టింట జరుగుట ఆచారము. పుట్టగానే వేయవలసిన బి.సి.జి., హెపటైటిస్ బి టీకాలును, పోలియో చుక్కలును అక్కడి ఆసుపత్రిలోనే ముగియును. తరువాతి టీకాలు ఆరు, పది, పదునాలుగు వారములకు వేయవలెను. ఇంచుమించు ఆ నెలలలోనే తల్లి బిడ్డతో అత్తవారింటికి చేరును. పుట్టింటి ఊరివారు బిడ్డ వెళ్లిపోయెనందురు. అత్తింటి ఊరి పట్టికలో ఆ పేరే ఉండదు. జనన రిజిష్టరును నమ్ముకొన్నను లాభము లేదు. జననము జరిగినచోటనే నమోదగును గాని నివసించుచోట కాదు. మిరపకోతలకు, ఇటుక బట్టీలకు వలసపోవు వారి బిడ్డల గతియు ఇంతే. తప్పు ఎవరిదైనను, కంఠసర్పికి, కోరింతదగ్గుకు చిక్కునది ఆ బిడ్డయే.

ఈ లోటు ఆశా కార్యకర్త ఒక్కరివలన తీరునది కాదు. ఏ ఇంట కోడలు పసిబిడ్డతో దిగినదో, ఏ బట్టీకి కొత్త కుటుంబము వచ్చినదో వార్డు సభ్యునికి తెలియకుండునా? టీకాల దినమునకు ముందే ఆయన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కూర్చుండి పట్టికను ఇంటింటి లెక్కతో సరిచూడవలెను. పోలియోను మన దేశము వెడలగొట్టినది ఈ విధముగనే. నాడు కార్యకర్తలు ప్రతి ఇంటి గోడపై సుద్దతో గుర్తువేసి, బిడ్డ దొరకని ఇంటికి మరల వెళ్లిరి. సహజ పోలియో వైరసు సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడెను. 2014 మార్చిలో మన దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను.

పేరు ఎక్కినను కొందరు రారు. టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో తండ్రి మరుసటి విడతకు పంపడు. టముకు వేయించినంత మాత్రమున ఆయన మనసు మారదు. ఆ జ్వరము సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గుననియు, తగ్గనిచో ఎవరికి కబురు చేయవలెనో కూడను ముందే చెప్పవలెను. ఒక విడత తప్పిన తల్లి, మొదటినుండి మరల వేయింపవలెనేమోనని జంకును. అట్లు అక్కరలేదు, మిగిలినవి వేయించిన చాలును. తొమ్మిది నెలలు నిండినపుడు తట్టు, రుబెల్లా టీకా వేయించినవారు పదునారవ నెల దాటిన పిదప రెండవదానిని మరచుచుందురు. నడకవచ్చిన బిడ్డకు ఇక టీకా ఏలయని వారి తలంపు కాబోలు!

పట్టిక సరిచూచునపుడు పుట్టింటికి వచ్చియున్న బాలింతల అత్తవారి ఊర్ల పేర్లును వ్రాయించుడు. బిడ్డ ప్రయాణమైన దినమున ఈ ఊరి ఆశా కార్యకర్త ఆ ఊరి కార్యకర్తకు ఫోను చేయగలదు.