మిరపకాయతో మొదలైన గొలుసు

వేసవి సెలవులలో కరెంటు పోయిన సాయంకాలం పిల్లలను ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లులను అడిగితే చెబుతారు. మా సంఘంలోని ఇళ్ళలో మేము కొన్ని ఏండ్లుగా ఆడిస్తున్న ఆట ఒకటున్నది. దానికి చీట్లు అక్కరలేదు, పలక అక్కరలేదు, ఖర్చు అసలే లేదు. ఒకరు ఒక నిజమైన సంగతి చెప్పాలి. పక్కనున్నవారు అందులో ఏదో ఒక మాటను పట్టుకొని, దానికి సంబంధించిన ఇంకొక సంగతి చెప్పాలి. ఎవరైనా "లంకె ఏది?" అని గాని, "నీకెలా తెలుసు?" అని గాని అడిగితే జవాబివ్వాలి. ఇవ్వలేకపోతే గొలుసు తెగినట్టే.

మొట్టమొదట తెగింది మా చేతిలోనే. చంద్రుని మీద నుండి చూస్తే చైనా గోడ కనబడుతుందని మేము ధీమాగా చెప్పాము. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి "మీకెలా తెలుసు, అయ్యగారూ?" అన్నది. 2003లో అంతరిక్షానికి వెళ్ళిన చైనా వ్యోమగామి యాంగ్ లీవేయ్, భూమి చుట్టూ తిరుగుతూ కూడా ఆ గోడను చూడలేకపోయానని చెప్పిన సంగతి ఆమె చదివి ఉన్నది. చంద్రుడైతే ఇంకెంతో దూరం గదా! ఆ మాట మేము ప్రసంగంలో రెండుసార్లు వాడుకున్నామని ఆ పూట ఒప్పుకొనవలసి వచ్చింది.

మూడేండ్ల క్రితం ఒక రైతు ఇంట కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత, అరుగు మీద సాగిన గొలుసు మాత్రం మాకు బాగా జ్ఞాపకం. ఆ అమ్మాయే మిరపకాయతో మొదలుపెట్టింది. మిరప మన నేల మొక్క కాదు, అమెరికా ఖండాలది. పోర్చుగీసువారి ఓడల మీద మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో కారానికి మిరియాలే గతి. గుంటూరు మిరప మీద గొప్పలు పోయేవారికి ఇది కొంచెం ఘాటైన మాటే. పక్క పిల్లవాడు పోర్చుగీసువారిని పట్టుకొని, వారు బ్రెజిల్‌ను కూడా ఏలారన్నాడు. బ్రెజిల్ అనగానే ఇంటి యజమాని సర్దుకొని కూర్చున్నాడు. అక్కడ మాంసం కోసం పెంచే పశువులలో అత్యధికం నెలోర్ జాతివి. ఆ పేరు మన నెల్లూరుదే, ఆ రక్తం మన ఒంగోలు గిత్తలదే. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక ఆ పేరు పడింది.

ఒంగోలు నుండి క్లఫ్ దొరగారు, ఆయన నుండి బకింగ్‌హామ్ కాలువ. 1876-78 నాటి ధాత కరువులో ఆకలిగొన్నవారికి కూలి దొరకాలని ఆయన ఆ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నారు. తరువాతి సంగతులు మన పాఠకులకు తెలిసినవే.

ఇక కరువును పట్టుకొనే వంతు మాకు వచ్చింది. పెరూ తీరంలోని జాలరులు, కొన్ని ఏండ్లలో క్రిస్మసు ప్రాంతంలో సముద్రం వేడెక్కి చేపలు తగ్గిపోవడం గమనించి, దానికి ఎల్ నినో అని పేరు పెట్టారు. అంటే బాలుడు, బాల యేసు అని. ఆ పెరూ సముద్రానికీ మన ఒంగోలు చేలకూ లంకె ఏమిటి? 1904లో మన దేశపు వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు, వాతావరణం చదువుకున్నవాడు కాడు. వానలు ఎందుకు తప్పుతున్నాయో తెలుసుకొనాలని ప్రపంచంలోని అనేక చోట్ల గాలి పీడనం లెక్కలు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. పసిఫిక్ సముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతున్నది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతున్నది. త్రాసు తక్కెడల వలె! దీనికీ ఎల్ నినోకూ ముడి ఉన్నదని 1960లలో బ్యెర్క్నెస్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. ధాత కరువు నాడు వచ్చినది బలమైన ఎల్ నినో.

"అయితే ఎల్ నినో వస్తే కరువేనా?" అని యజమాని అడిగాడు. కాదు. 1997లో ఎంతో బలంగా వచ్చినా మన దేశంలో వానలు మామూలుగానే కురిశాయి. ధాత కరువులో జనం చావడానికి వానలు తప్పడం ఒక్కటే కారణమూ కాదు. ఇక్కడ ఆకలి చావులు జరుగుతుండగానే ధాన్యం ఓడలెక్కి పోయింది.

అప్పుడు ఇంటి పెద్దావిడ నోరు తెరిచింది. "కరువు సంగతి నేను చెబుతాను. ఈ పిల్ల మా ఇంట కాలు పెట్టింది. నెల తిరగకముందే ఎద్దు చచ్చింది, బోరు ఎండిపోయింది."

కోడలు గడప లోపల తల వంచుకొని కూర్చొని ఉన్నది. అందరూ మౌనం వహించారు. సిగ్గుతో చెబుతున్నాము, మాకు కూడా వెంటనే మాట రాలేదు.

"లంకె ఏది, నాయనమ్మా?" అన్నాడు పదేండ్ల మనుమడు. వాడు ఆట నియమం ప్రకారం అడిగాడు, అంతే.

ముసలావిడ కొడుకు వైపు చూసింది. అతడు కాసేపటికి, "వానల్లేక జొన్న గిడసబారింది. ఎద్దు తలుగు తెంచుకొని ఆ లేత జొన్న మేసింది. అట్టి జొన్నలో విషం ఉంటుందని పశువుల డాక్టరు గారు నీ ఎదుటే చెప్పారు గదమ్మా," అన్నాడు. బోరు కూడా ఆ వానల్లేకనే ఎండింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఊరుకోలేదు. ఆ ఏడు ఊరిలో ఇంకా ఏయే ఇళ్ళ బోర్లు ఎండాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "వాళ్ళింట్లో ఎవరికీ పెళ్ళిళ్ళు కాలేదు, నాయనమ్మా," అన్నది.

పెద్దావిడ ఏమీ అనలేదు. తప్పు ఒప్పుకొన్నదని మేము వ్రాయలేము. చాలాసేపు చెంగు మడతలు సరిచేసుకొంటూ ఉండిపోయింది. గొలుసు జొన్న దగ్గర ఆగి ఉన్నది. ఎవరి వంతో ఎవరికీ గుర్తు లేదు.

"అట్లా గడపలో ఎందుకు, ఇటు వచ్చి కూర్చో," అన్నది చివరికి, కోడలి వైపు చూడకుండానే. "జొన్న దగ్గర ఆగింది. నువ్వు చెప్పు."