ఆకాశమార్గమున హైదరాబాదు ఎంత దూరము?

విద్యార్థులారా! ఏటేట పరీక్షలు ముగియు వేళ మీ తల్లిదండ్రులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు: “తెలుగులో పైచదువునకు హైదరాబాదు పంపవచ్చును గాని, అంత దూరమా, అయ్యవారూ?” ఆ దూర మెంతయో నేడు లెక్కించి చూతము.

రోడ్డు ఊళ్లను కలుపుకొనుచు, కొండలను చుట్టుకొనుచు పోవును. సేలము, బెంగుళూరు, కర్నూలు మీదుగా కోయంబత్తూరునుండి హైదరాబాదునకు 900 కిలోమీటర్లకు పైగా నగును. ఆకాశదూర మట్లు కాదు. అది భూగోళముపై రెండు స్థలముల నడుమ మిక్కిలి దగ్గరి దారి. మీ అట్లాసుతోనే దానిని కనుగొనవచ్చును.

మన విమానాశ్రయము తెలుగువారి పాత ఊరగు పీళమేడు చెంత, 11.0 ఉత్తర అక్షాంశము, 77.0 తూర్పు రేఖాంశముల దగ్గర నున్నది. 2008 నుండి హైదరాబాదు విమానములు దిగు శంషాబాదు 17.2, 78.4 దగ్గర నున్నది. అక్షాంశములలో భేదము 6.2 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరమునకు 688. రేఖాంశములలో భేదము 1.4 డిగ్రీలు. ఈ ప్రాంతమున డిగ్రీకి సుమారు 108 చొప్పున తూర్పునకు 151. ఈ రెండును లంబకోణ త్రిభుజపు భుజములు. కర్ణము 704, అనగా సుమారు 700 కిలోమీటర్లు. మధుర సోదరులు తమ దూరమును ఇట్లే గణింపవలెను. సుమారు 820 వచ్చును.

ఇక కాలము. జెట్ విమానము పైకెగసిన పిమ్మట గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోవును. ఆ లెక్కను 53 నిమిషములే చాలును. కాని కాలపట్టికలో ఇంచుమించు గంటన్నర యుండును. ఏల? విమానము నిలుచుచోటు విడిచినది మొదలు, గమ్యమున మరల నిలుచువరకు ఆ కాలమును లెక్కింతురు. నేలపై మెల్లగా నడచుట, పైకెక్కుట, దిగుటకు ముందే వేగము తగ్గించుట, వంతుకై వేచి తిరుగుట — ఇవన్నియు అందు చేరును. ఇంటినుండి బయలుదేరుట, తనిఖీలు, నిరీక్షణ కలుపుకొన్నచో అయిదారు గంటలు పట్టును. రైలైనచో ఒక రాత్రియు, పగటిలో కొంతయు గడచును. మేము శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు రైలులోనే పోయితిమి, దూరమని వెనుదీయలేదు.

విజయనగర కాలమున, మధుర నాయకుల కాలమున మన పూర్వులు ఈ సీమకు వచ్చినది కాలినడకను, ఎడ్లబండ్లమీద. దినమునకు 25 కిలోమీటర్లు సాగినను, 900 కిలోమీటర్లకు 36 దినములు కావలెను. నెలకు మించిన ప్రయాణము చేసి వచ్చినవారు తమ భాషను కొన్ని వందల యేండ్లు ఇండ్లలో నిలుపుకొనిరి. గంటన్నరలో అచట దిగు మనము, ఎదుట నున్న తెలుగు బోర్డును చదువలేక నిలుచుట తగునా?

తల్లిదండ్రులారా! కిలోమీటర్లను చూచి వెఱవకుడు. బిడ్డకు అక్షరము వచ్చిన హైదరాబాదు దగ్గర; రానిచో పక్కింటి తెలుగు పుస్తకమును దూరమే.