దిగులుకు చికిత్స: బల్ఖీ చూపిన మార్గం

పత్తికి పురుగు పట్టినా, మిరపకు ధర పడిపోయినా అద్దంకి పరిసరాల పల్లెల్లో రైతుకు ముందుగా మాట తగ్గిపోతుంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు, అయినదానికీ కానిదానికీ పిల్లల్ని కసురుకుంటాడు. ఇంట్లోవారు గాలి సోకిందంటారు. నాలుగక్షరాలు నేర్చిన బంధువు మాత్రం ఈమాన్ బలహీనపడిందని తేల్చివేస్తాడు. ఇది మరీ క్రూరమైన మాట. నలిగినవానిపై నేరం కూడా మోపుతుంది.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ పత్తిని నాశనం చేసింది. పంట పోయి అప్పు మిగిలింది. కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అద్దంకిలో పండరంగని పద్యశాసనం వెలసిన (848) కాలంలోనే బల్ఖ్ ప్రాంతంలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ఇటువంటి దుఃఖానికి చికిత్స వ్రాశాడు. ఆయన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' గ్రంథంలో మొదటి భాగం దేహానికి, రెండవది మనస్సుకు సంబంధించినవి. కోపం, భయం, దుఃఖం, వస్వాస్ (విడువని దురాలోచన) అనే నాలుగింటిని ఆయన విడివిడిగా చర్చించాడు. దుఃఖం రెండు విధాలన్నాడు: కారణం తెలిసినది, తెలియనిది. రెండవది దేహంలోనే పుడుతుంది గనుక దానికి శరీరవైద్యం కూడా కావాలన్నాడు.

కారణం తెలిసిన దుఃఖానికి బయటినుండి ఆప్తుల మాట, లోపలినుండి సరియైన ఆలోచన మందులు. జ్వరం మందు ముందే ఇంట్లో ఉంచుకున్నట్లు, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే అటువంటి ఆలోచనలు సిద్ధం చేసుకోవాలని ఆయన సలహా. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స కూడా ఆలోచనను సరిదిద్దటంపైనే ఆధారపడింది.

అప్పులవాడు "అంతా అయిపోయింది" అనుకుంటాడు. అది అతని నిర్ణయమే గాని వాస్తవం కాదు. నమ్మకస్తుడొకరు ప్రక్కన కూర్చుని, ఎవరికెంత, ఈ నెలలో తీర్చవలసినదేది, మిరప అమ్మిన తరువాత ఇవ్వగలిగినదేది అని కాగితంపై వ్రాయించాలి. అప్పు తరగదు, కాని రేపు ఎవరితో ఏమి మాట్లాడాలో తెలుస్తుంది. నమాజు, దుఆ దీనికి అడ్డురావు. వాటి పేరుతో వైద్యాన్ని ఆపటమే తప్పు.

చావు మాట ఎత్తినవానిని నేరుగా అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఆ ఉద్రేకం తరచు కొద్దిసేపటిదే గనుక పురుగుమందు అతనికి అందకుండా తాళంలో ఉంచాలి, ఒంటరిగా వదలరాదు. పోలీసు కేసవుతుందని కొన్ని కుటుంబాలు దాచిపెడతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగానే భావించి, శిక్షనుండి కాపాడుతుంది. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.