మూలనున్న బండి... ముందున్న ఖర్చు!

"తిరిగింది 14 వేల కిలోమీటర్లేనట! కొత్తదే అనుకో" అన్నారు మావారు కాఫీ తాగుతూ. తిరగని బండి కొత్త బండి అనే నేనూ అనుకున్నాను. కట్టని పట్టుచీర మడతల్లో చిరుగుతుందని తెలిసిన ఆడదాన్ని, బండి దగ్గర మాత్రం ఆ సంగతి మర్చిపోయాను.

మాది విజయవాడ. మావారికి ఇబ్రహీంపట్నం వైపు షిఫ్టు డ్యూటీ. రాత్రి పదింటికి వదిలితే బస్సు దొరకదు, ఆటోవాడు అడిగిందే రేటు. కొత్త బండి కొనాలంటే రోడ్డెక్కేసరికి 90 వేల దాకా అవుతుందన్నారు. నా దగ్గర చీటీ పాడిన డబ్బు 40 వేలు ఉంది. సరిగ్గా అప్పుడే పక్కవాటాలో అక్కయ్యగారు, "మీ అన్నయ్యగారి బండి తీసుకుంటారామ్మా?" అని అడిగారు.

2017లో కొన్న స్ప్లెండర్ అది. ఆయన 2021లో పోయారు. అప్పట్నుంచీ మెట్ల కింద కవరు కప్పుకుని ఉంది. శుక్రవారం శుక్రవారం ఆవిడ కవరు తీసి తుడవడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక బ్రోకరు వచ్చి "ఇనుము రేటే వస్తుంది, 12 వేలు" అని వెళ్ళాడట. ఆవిడ మమ్మల్ని అడిగింది 28 వేలు.

మా వీధి చివరి మెకానిక్‌ని పిలిచి చూపించాను. కిక్ కొట్టకుండానే ముందు టైరు దగ్గర కూర్చున్నాడు. "ఈ నాలుగంకెలు చూశారా అమ్మా? 3117. అంటే 2017లో 31వ వారంలో తయారైంది. అరుగు ఉంది గానీ రబ్బరు చచ్చిపోయింది" అన్నాడు. పక్కల సన్నటి పగుళ్ళు అప్పుడు కనిపించాయి నాకు. తర్వాత పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చి వేశాడు. లోపల అడుగున ఎర్రటి తుప్పు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరుతుందట, అందులోనూ ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను ఇంకా పీలుస్తుందట. నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటర్ సన్న రంధ్రాల్లో పేరుకుపోతుంది. బ్యాటరీ సంగతి చెప్పనక్కర్లేదు. సీటు ఎత్తితే ఎలుకమ్మగారి పురిటిల్లు! వైర్లు కొరకలేదు, అదే మా అదృష్టం.

"మూడేళ్ళు కదల్లేదు కాబట్టి వెంటనే కిక్ కొట్టి ఊదేయకూడదు. పాత ఆయిలు, పాత పెట్రోలు తీసేశాకే" అన్నాడతను. మీరూ ఎక్కడైనా ఇలాంటి బండి చూడబోతే, అమ్మేవాళ్ళు ఎంత ఉత్సాహంగా స్టార్టు చేసి చూపించబోయినా ఆపండి.

ఖర్చు 8 వేలవుతుందని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని అక్కయ్యగారి దగ్గరికి వెళ్ళడానికి నాకు కాళ్ళాడలేదు. బేరంలో నేనేం తక్కువదాన్ని కాదు, కూరగాయలవాడు నన్ను చూస్తే దణ్ణం పెడతాడు. కానీ ఇక్కడ ఎంత తగ్గించినా ఆ బ్రోకరుకీ నాకూ తేడా ఏముంటుంది? తగ్గించకపోతే చీటీ డబ్బు దాదాపు అంతా అయిపోతుంది. చివరికి చీటీ ఆవిడ చేతికే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "టైర్లు ఆయన అప్పుడే మార్చాలనుకున్నారు, అది నా లెక్కలో వేసుకో" అన్నారు. 25 వేలకి కుదిరింది.

తీరా పని మొదలయ్యాక 8 వేలు కాస్తా 10 వేలైంది. టైర్లూ ట్యూబులకి 3,500, బ్యాటరీ 1,300, చైను సెట్టు 1,200, ట్యాంకు, కార్బురేటర్ శుభ్రం చేయడానికి 900, ముందు ఫోర్కుల సీళ్ళకి 600, బ్రేకు షూలూ కేబుళ్ళూ ప్లగ్గూ ఫిల్టరూ కలిపి 900, ఇంజనాయిలు 400, కూలి 1,200. సీళ్ళు కారుతున్నట్టు రోడ్డెక్కాకే తెలిసింది.

కాగితాల దగ్గర ఉంది అసలు ముసళ్ళ పండుగ. "ఆయన పేరు మీదే నడిపించండి, ఎవరు చూడొస్తారు" అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆ భారం ఆవిడ నెత్తిన పెట్టడమా? అందుకే మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు జతచేసి ముందు ఫారం 31తో బండిని అక్కయ్యగారి పేరుకి మార్పించాం. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మావారి పేరుకి. ఆవిడకి రవాణా కార్యాలయానికి తోడు నేనే వెళ్ళాను. బండికి నామినీ పేరు రాయించుకునే వీలు 2021లో వచ్చింది. మేము రాయించాం. మీ ఇంట్లో ఆర్సీ ఒకసారి తీసి చూడండి.

బీమా ఎప్పుడో ముగిసింది. 150 సీసీ లోపు ఇలాంటి బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో 714 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను అదనం. బీమా లేకుండా మొదటిసారి దొరికితే జరిమానా 2 వేలు! పొల్యూషన్ సర్టిఫికెట్, ఫీజులు, జిరాక్సులు అన్నీ కలిపి ఇంకో 2 వేలయ్యాయి.

మొత్తం 37 వేలు. నడుస్తున్న అదే మోడలు బయట 35 వేలకి వస్తుందని మెకానిక్ తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అంటే చవకగా కొన్నది ఏమీ లేదు. ఒక్క చేతి మీద నడిచిన బండి, ఎవరిదో ఏమిటో తెలిసిన బండి, అంతే మిగులు.

ఇప్పుడు పోపులపెట్టె పక్కన బండి పుస్తకం ఒకటి పెట్టాను. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు. అరవై మైలేజీ ఇస్తే పెట్రోలుకే 1,900 పైన. ఆయిలు మార్పిడికీ, ఏడాదికొచ్చే బీమాకీ, ఎప్పుడో మార్చాల్సిన టైర్లకీ నెలకి 400 విడిగా డబ్బాలో వేస్తున్నాను. "పెట్రోలు పోస్తే చాలు కదా" అని మావారు ఇప్పటికీ గొణుగుతారు. అయినా రాత్రి ఆటోలకి పోసినదానికంటే ఇది తక్కువే, పుస్తకంలో లెక్కుంది.

ఆర్సీ కార్డు వచ్చిన రోజు సాయంత్రం అక్కయ్యగారు మా గుమ్మంలోకి వచ్చారు. కొంగు ముడి విప్పి, పసుపుదారం కట్టిన రెండో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది ఇవ్వడం మర్చిపోలేదమ్మా, దాచుకున్నాను" అన్నారు.